ఒక్క దెబ్బకి ఆరు కథలు

మా బ్యాచ్‌లో సగం మందికి జర్మనీ పిచ్చి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు కాబట్టి పిచ్చి పట్టడంలో తప్పేమీ లేదు. నేనూ ఆ సగంలోనే ఉన్నాను. మూడో ఏడాదిలో ఏ1 క్లాసులో చేరాను. ఆ భాషలో బల్ల మగ, దీపం ఆడ, పుస్తకం రెండూ కాదు. ఇదెక్కడి లెక్క అని మేమంతా తలలు పట్టుకుంటే మా జర్మన్ మేడమ్ ఒక సలహా ఇచ్చారు. "ఇప్పుడే వార్తలు చూడకండి, ఏమీ అర్థం కాదు. పిల్లల కథల సినిమాలు చూడండి. కథ మీకు ముందే తెలుసు కాబట్టి మాటలు వాటంతట అవే పట్టుబడతాయి."

అలా చూడటం మొదలుపెట్టిన సిరీస్ పేరు "జెక్స్ అవుఫ్ ఐనెన్ ష్ట్రైఖ్". అంటే ఒక్క దెబ్బకి ఆరు అని. నాకు భాష ఎంత వచ్చిందని అడగొద్దు. ఏ1 గట్టెక్కింది, అంతే. కానీ ఆ సినిమాలు చూశాక మన కథల గురించి నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. దాని మీద మా రూమ్‌లో రెండు సార్లు గొడవ కూడా అయ్యింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సిరీస్ సంగతి. గ్రిమ్ సోదరుల కథల్లో ఒక దర్జీ ఉంటాడు. రొట్టె మీద వాలిన ఏడు ఈగల్ని ఒక్క దెబ్బకి చంపి, ఆ విషయం నడికట్టు మీద కుట్టుకుని ఊరి మీద పడతాడు. చదివినవాళ్ళు ఏడుగురు మనుషుల్ని చంపాడనుకుని హడలిపోతారు. ఆ ఏడుని ఆరు చేసి సిరీస్‌కి పేరు పెట్టారు. ఎందుకంటే 2008 క్రిస్మస్‌కి మొదటిసారి ఆరు సినిమాలు వేశారు. ఆ ఆరింట్లో దర్జీ కథ కూడా ఉంది. మరుసటి ఏడాది ఎనిమిది వచ్చాయి. తర్వాత ఏడాదికి నాలుగు చొప్పున, ఇప్పుడు ఇంకా తక్కువ. పేరు మాత్రం ఆరు దగ్గరే ఉండిపోయింది. మొత్తం కలిపితే యాభై దాటాయి.

ఒక్కో సినిమా సుమారు గంట. గ్రాఫిక్స్ హడావుడి తక్కువ. నిజమైన కోటలు, పాత పల్లెటూళ్ళని అలాగే కాపాడిన ఓపెన్ ఎయిర్ మ్యూజియంలు, అడవులు. వీటిని తీసేది ఏఆర్‌డీ. అది మన దూరదర్శన్ లాంటి ప్రజా టీవీ, కానీ ఒకే సంస్థ కాదు. ప్రాంతాల వారీ స్టేషన్లన్నీ కలిసి నడుపుకునే కూటమి. ఈ సినిమాలు కూడా ఒక్కో కథ ఒక్కో స్టేషన్ పంచుకుని తీస్తాయి. మన గ్రూప్ ప్రాజెక్టు లాగా అన్నమాట, కాకపోతే అక్కడ అందరూ పని చేస్తారు.

ఇక నా గొడవ ఎక్కడ మొదలైందో చెప్తాను. సంక్రాంతి సెలవులకి అమ్మమ్మ ఊరు వెళ్ళాను. మా అక్క కొడుకు ఒకటో తరగతి. వాడు నా పక్కన చేరి, లాప్‌టాప్‌లో ఏం నడుస్తుందో అదే చూస్తానని కూర్చున్నాడు. నడుస్తున్నది "ఫ్రావ్ హోలె". అదీ 2008 నాటి ఆరింట్లో ఒకటే. మారియానె జేగెబ్రెష్ట్ అనే పెద్దావిడ అందులో హోలె అవ్వగా వేశారు.

కథ తెలియనివాళ్ళ కోసం: ఒక అమ్మాయి చేతిలో కదురు నూతిలో పడిపోతుంది. తీసుకురాకపోతే ఇంట్లో ఊరుకోరు కాబట్టి నూతిలోకి దూకేస్తుంది. నూతి అడుగున వేరే లోకం. దారిలో పొయ్యిలో రొట్టెలు, మాడిపోతున్నాం తీయమంటాయి. ఆపిల్ చెట్టు, పళ్ళు పండిపోయాయి దులపమంటుంది. ఆ అమ్మాయి రెండు పనులూ చేసి ముందుకెళ్తే ఒక అవ్వ ఇల్లు వస్తుంది. అవ్వ పరుపు రోజూ బాగా దులపడం అక్కడ ఆ అమ్మాయి పని. ఈకలు ఎగిరితే పైలోకంలో మంచు పడుతుంది. కొన్నాళ్ళకి ఇంటికి బయల్దేరితే గుమ్మంలో బంగారం వాన కురుస్తుంది. అది చూసి ఆశపడి, పనంటే ఒళ్ళు వంగని రెండో అమ్మాయి కూడా దూకుతుంది. ఆ అమ్మాయి మీద తారు కురుస్తుంది.

మావాడికి జర్మన్ ఒక్క ముక్క రాదు. అయినా గంటసేపు కదల్లేదు. రొట్టెలు అరిచినప్పుడు "తియ్యవే, తియ్యి" అని వాడే అరిచాడు. పరుపు దులిపితే మంచు పడటం చూసి, "మరి మన ఊళ్ళో వాన పడాలంటే ఏం దులపాలి పిన్నీ?" అన్నాడు. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో నేను ఏ సర్‌నీ ఇంత మంచి ప్రశ్న అడగలేదు.

అమ్మమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ ఓరగా చూస్తోంది. కాసేపయ్యాక, "ఆ ముసలావిడ నాకు తెలుసే. పేదరాశి పెద్దమ్మ కదూ" అంది.

"అమ్మమ్మా, అది జర్మనీ కథ."

"అయితే ఏం? ఆవిడ అక్కడికి పోకూడదా?"

నేను నవ్వాను. అప్పుడు మావాడు అడిగాడు, "పేదరాశి పెద్దమ్మ అంటే ఎవరు?"

అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. వీడికి ఎవరూ చెప్పలేదా అని నా వైపు చూసింది. అక్క వైపు కాదు, నా వైపు. లిటరరీ క్లబ్బులో ఉన్నానని ఊరంతా చెప్పుకున్నది నేనే కదా. సరే, చెప్దామని మొదలుపెట్టాను. అనగనగా ఒక రాజకుమారుడు. దేశాలు పట్టుకు పోతూ ఒక ఊళ్ళో పేదరాశి పెద్దమ్మ ఇంట్లో దిగుతాడు. ఆవిడ అన్నం వండి పెడుతుంది. తర్వాత? ఏ రాజకుమారుడు, ఎందుకు బయల్దేరాడు, ఆవిడ ఏం చెప్పింది? నాకు ఒక్క కథ కూడా చివరిదాకా రాదు. ఆవిడ పేరు తెలుసు, ఇల్లు తెలుసు, కథ తెలియదు. అమ్మమ్మ అందుకుంది. ఏడు సముద్రాల అవతల చిలకలో రాక్షసుడి ప్రాణం ఉందనే దాకా తెచ్చి, "మధ్యలో ఏదో ఉందే... గుర్తు రావడం లేదు" అని ఆగిపోయింది.

మూడు తరాలం ఒక గదిలో కూర్చున్నాం. ఒక జర్మన్ అవ్వ కథ ముగ్గురికీ పూర్తిగా తెలిసింది. మన అవ్వ కథ ఒక్కరికీ పూర్తిగా రాలేదు.

హాస్టల్‌కి వచ్చి ఇది చెప్తే మా రూమ్మేట్ వెంటనే తీర్పు ఇచ్చేసింది. "మన దగ్గర బడ్జెట్ లేదు. ఒక పెద్ద డైరెక్టర్ మన జానపదం మీద మూడు వందల కోట్లు పెడితే ప్రపంచమంతా చూస్తుంది." ఈ మాట మీరూ వినే ఉంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిల్లల కథకి కావాల్సింది బడ్జెట్ కాదు, అలవాటు. ఏడాదికొక రోజు, ఒక గంట, ఒక కథ. వచ్చే ఏడాది మళ్ళీ. పెద్ద సినిమా వస్తుంది, పోతుంది. ఇంట్లో మిగిలేది మళ్ళీ మళ్ళీ చెప్పిందే.

జర్మనీలో దీనికి ఒక పాత సాక్ష్యం ఉంది. 1973లో చెకోస్లోవేకియా, తూర్పు జర్మనీ కలిసి సిండ్రెల్లా కథ తీశాయి. పేరుకి "సిండ్రెల్లాకి మూడు హేజల్ కాయలు" అని అర్థం. అందులో సిండ్రెల్లా గుర్రం ఎక్కుతుంది, విల్లు పట్టి గురి తప్పకుండా కొడుతుంది. డ్రెస్డెన్ దగ్గరి మోరిట్స్‌బుర్గ్ కోటలో కొంత షూటింగ్ జరిగింది. ఆ రెండు దేశాలూ ఇప్పుడు మ్యాప్‌లో లేవు. సినిమా మాత్రం ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కి టీవీలో వస్తూనే ఉంది. దేశాలకంటే అలవాటు గట్టిదని దీన్నిబట్టే నాకు అర్థమైంది. "ఒక్క దెబ్బకి ఆరు" కూడా ఆ అలవాటు మీదే బతుకుతోంది. క్రిస్మస్ రోజున భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చునే సమయం ఉంటుందని వాళ్ళకి తెలుసు. కథని తెచ్చి అక్కడ పెట్టారు.

డబ్బు ఎక్కడిదంటే, అక్కడ ప్రతి ఇల్లూ నెలకి 18.36 యూరోలు ప్రజా టీవీ, రేడియోల కోసం కట్టాలి. మన లెక్కలో దాదాపు రెండు వేలు. చాలామంది తిట్టుకుంటూనే కడతారు. కానీ దానివల్ల ఒక లాభం ఉంది. ఈ సినిమా మొదటి వారంలో ఎంత వసూలు చేసిందని ఎవరూ అడగరు. అడగరు కాబట్టి కథలో ఐటమ్ సాంగ్ పెట్టక్కర్లేదు, రెండో భాగానికి ముడి వేసి వదిలెయ్యక్కర్లేదు. దర్జీ కథ దర్జీతో అయిపోతుంది.

ఇంకో మంచి గుణం, కథలోని చేదుని దాచరు. నాకు బాగా నచ్చినది 2009లో వచ్చిన "రుంపెల్‌ష్టిల్ట్స్‌ఖెన్". పేరు పలకడానికి నాకు వారం పట్టింది. ఆ కథలో ప్రమాదమంతా పేరు తెలియకపోవడంలోనే ఉంది కాబట్టి న్యాయమే. ఒక మర తిప్పేవాడు రాజుగారి ముందు గొప్ప కోసం, మా అమ్మాయి గడ్డిని వడికి బంగారం చేస్తుందని కోస్తాడు. రాజు ఆ పిల్లని గడ్డి నింపిన గదిలో పెట్టి తాళం వేస్తాడు. తెల్లారేసరికి బంగారం లేకపోతే ప్రాణం పోతుంది. బంగారం వస్తే, ఇంకా పెద్ద గది. అది కూడా అయితే ఇంకా పెద్దది. జేమ్స్ బాండ్ సినిమా "గోల్డెన్ ఐ"లో రష్యన్ జనరల్‌గా వేసిన గాట్‌ఫ్రీడ్ జాన్ ఇందులో రాజు. ఆశపోతు కళ్ళు అంటే ఏమిటో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

చిన్నప్పుడు ఈ కథ చదివినప్పుడు పొట్టివాడే విలన్ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే గది తలుపు వేసింది రాజు, ఆ పిల్లని అక్కడికి పంపింది నాన్న గొప్పలు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఇళ్ళకి ఫోన్ చేసే మనందరికీ ఆ గది తెలిసిందే. "మా అమ్మాయికి పెద్ద కంపెనీ ఖాయం" అని పెళ్ళిలో ఎవరో అంటారు. గడ్డి వడకాల్సింది మనం. ఒక ఆఫర్ వస్తే, ఇంతేనా అని ఇంకో గది. ఇది పిల్లల కథా పెద్దల కథా అని నన్నడిగితే చెప్పలేను. ఆరేళ్ళవాడు పొట్టివాణ్ణి చూసి భయపడతాడు, ఇరవై ఏళ్ళది రాజుని చూసి భయపడుతుంది. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చూడొచ్చు. ఫ్యామిలీ సినిమా అంటే నాకు తెలిసినంతలో అదే.

అన్నీ పొగడ్తలే రాస్తే నేను చూడలేదనుకుంటారు. లోపాలున్నాయి. బీదవాళ్ళ బట్టలు అప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఉంటాయి. అడవిలో వారం తిరిగినా జుట్టు చెదరదు. కోట బాగుంది కదా అని కోట చుట్టూ తిప్పి తిప్పి చూపిస్తారు. "ష్టెర్న్‌టాలర్" అనే కథ గ్రిమ్ పుస్తకంలో పేజీ కూడా ఉండదు. ఉన్న రొట్టె, టోపీ, బట్టలు అన్నీ దానం చేసేసిన అనాథ పిల్లకి ఆకాశంలో నక్షత్రాలు నాణేలై రాలతాయి, అంతే. దాన్ని గంట లాగాలంటే చాలా అల్లాలి. అలాంటిచోట అతుకులు కనిపిస్తాయి. కొన్ని కథల్లో ప్రేమ ట్రాక్ బలవంతంగా దూర్చారనిపిస్తుంది. "టీవీ సీరియల్‌లా ఉంది" అని మా రూమ్మేట్ అన్న మాటలో నిజం ఉంది.

కానీ సంవత్సరానికి నాలుగు కథలు చెప్పే ఏ అమ్మమ్మకైనా నాలుగూ ఒకేలా కుదురుతాయా? ఒకటి బాగా వస్తుంది, ఒకటి నిద్ర పుచ్చుతుంది. మనం ఒక్క కళాఖండం కోసం ఇరవై ఏళ్ళు కూర్చుంటున్నాం. వాళ్ళు మామూలువి తీస్తూ పోయారు, మధ్యలో మంచివి కూడా పడ్డాయి.

పాత కథలు ఎందుకు, రాజులు, అందగత్తెలు, సవతి తల్లులు, ఇవన్నీ పిల్లలకి నేర్పాలా అని ఇంకొందరు అంటారు. సరైన ప్రశ్నే. దీనికి జవాబు గ్రిమ్ పుస్తకంలోనే దొరికింది నాకు. 1812లో వచ్చిన మొదటి ముద్రణలో హాన్సెల్, గ్రెటెల్‌ని అడవిలో వదిలేయమన్నది కన్నతల్లే. తర్వాతి ముద్రణల్లో గ్రిమ్ సోదరులే ఆమెని సవతి తల్లిని చేశారు. ఆ గడ్డి బంగారం కథలో పొట్టివాడు మొదట కోపంతో వెళ్ళిపోతాడంతే. తన్నుతాను రెండుగా చీల్చుకోవడం తర్వాత వచ్చి చేరింది. 1857 నాటి చివరి ముద్రణ దాకా వాళ్ళు మారుస్తూనే ఉన్నారు. అంటే చెప్పే ప్రతివాడికీ మార్చే హక్కు ఉంది. పాత కథలో నచ్చనిది ఉంటే మార్చి చెప్పండి. చెప్పకుండా వదిలేస్తే మార్చడానికి కూడా ఏమీ మిగలదు.

ఇక మన దగ్గరికి వస్తాను. మనకి ఈ అలవాటు లేదనడం అబద్ధం. 1947లో "చందమామ" పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1951లో విజయా వారి "పాతాళ భైరవి" తీశారు. దానికి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి "కాశీమజిలీ కథలు"లోని ఒక కథ అంటారు. నెలనెలా పత్రికలో కథలు, థియేటర్లో జానపదాలు, రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చాయి. ఆ తర్వాత విఠలాచార్య గారు తక్కువ ఖర్చుతో ఎన్ని జానపదాలు తీశారో అమ్మమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతుంది, వేళ్ళు చాలవు. ఆయన దగ్గరా మూడు వందల కోట్లు లేవు. 1985లో దూరదర్శన్‌లో "విక్రమ్ ఔర్ బేతాళ్" వచ్చింది. హిందీ రాకపోయినా మా అమ్మ వాళ్ళు చూశారట, మావాడు జర్మన్ చూసినట్టే.

తర్వాత మెల్లగా తెగిపోయింది. 2011లో డిస్నీ వాళ్ళు మన వాళ్ళతో కలిసి "అనగనగా ఓ ధీరుడు" తీశారు. తెలుగులో డిస్నీకి అది మొదటి సినిమా. అది ఆడలేదు, దాంతో ఆ దారే మూసుకుపోయినట్టయింది. ఒక్కటే తీస్తే వచ్చే ఇబ్బంది అదే. అది పోతే అంతా పోయినట్టే. 1955లో పుట్టిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ 2022లో వేరే సంస్థలో కలిసిపోయింది. ఆ సొసైటీ జరిపిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి మన హైదరాబాదే వేదికగా ఉండేది. 2017లో 20వది ఇక్కడే జరిగింది. స్కూల్ యూనిఫాంలో బస్సెక్కి ఆ సినిమాలకి వెళ్ళినవాళ్ళు మన కాలేజీలోనే ఉన్నారు, అడగండి చెప్తారు.

టీవీ ఫీజు మన ఇళ్ళలో ఎవరూ కట్టరు. ప్రభుత్వం తీయాలి, ఓటీటీ వాళ్ళు తీయాలి అని రాసి ఈ వ్యాసం ముగించడం తేలిక. వాళ్ళు తీస్తే సంతోషమే. కానీ మన చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడదాం.

మన ఫెస్ట్‌కి ప్రతి ఏడాదీ షార్ట్ ఫిల్మ్ పోటీ ఉంటుంది. ప్రతి ఏడాదీ అందులో సగం బ్రేకప్ కథలు, మిగతా సగం బ్యాక్‌లాగ్ కథలు. నా ప్రతిపాదన ఇది. ఒక్క సినిమా మాత్రం పిల్లల కథ అయి ఉండాలి. పది నిమిషాలు చాలు. రాత మన క్లబ్బు, కెమెరా ఫిల్మ్ క్లబ్బు, రాక్షసుడి గొంతు మెకానికల్ వాళ్ళు. విడుదల తేదీ ఫెస్ట్ రోజు కాదు, భోగి సాయంత్రం. పిల్లలకి భోగిపళ్ళు పోసే వేళకి పెద్దలూ పిల్లలూ ఎలాగూ ఒకేచోట ఉంటారు. బాగా వస్తే బాగా వస్తుంది, రాకపోతే మరుసటి భోగికి ఇంకోటి. మేము పాసై పోయాక జూనియర్లు తీస్తారు. అయిదేళ్ళు ఆపకుండా చేస్తే అయిదు కథలు. అప్పుడు అది అలవాటు.

"ఒక్కదానితో ఏం మారుతుంది?" అని రూమ్మేట్ అడిగింది. ఏమీ మారదు. కథ చివరిదాకా తెలిసిన పిల్లలు ఇంకో పదిమంది ఉంటారు, అంతే. ఇప్పుడు మా ఇంట్లో ఒక్కడు కూడా లేడు కదా.

నా వంతుగా ఫోన్‌లో అమ్మమ్మ చేత నాలుగు కథలు రికార్డు చేయించాను. రెండు పూర్తిగా వచ్చాయి. ఒకటి నిద్రలోకి జారిపోయింది, ఆవిడదే. నాలుగోది చిలక కథ. రాజకుమారుడు పేదరాశి పెద్దమ్మ ఇంట్లో అన్నం తిని బయల్దేరతాడు. చివర్లో చిలక మెడ విరిస్తే రాక్షసుడు కూలిపోతాడు. ఏడు సముద్రాలు ఎలా దాటాడో, పెద్దమ్మ వెళ్ళేటప్పుడు ఏమిచ్చి పంపిందో మా అమ్మమ్మకి గుర్తు రావడం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ మధ్య భాగం తెలిస్తే, ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడిగి నాకు చెప్పండి. మావాడు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "దొరికిందా పిన్నీ?" అని అడుగుతున్నాడు.